వెంకటక్క ఏరిన విత్తనపు గడ్డలు

కార్తీకం వచ్చి తెల్లవారుజామున ఒంటికి చలి తగలడం మొదలైందంటే వెంకటక్క హిందూపురం బస్సెక్కాల్సిందే. పెనుకొండ నుంచి గంట ప్రయాణం. అక్కడ మార్కెట్టు వెనక సందులో గంగాధర అనే అతనికి విత్తనపు ఉర్లగడ్డల అంగడి ఉంది. బంగాళాదుంపని ఆ పక్క అందరూ ఉర్లగడ్డ అనే అంటారు. పంజాబు నుంచి చిక్కబళ్ళాపురం, చిక్కబళ్ళాపురం నుంచి హిందూపురం, అలా లారీలు మారి వచ్చిన సంచులు ఆ అంగట్లో ఓ పదిహేను రోజులు ఉంటాయి, తర్వాత ఖాళీ. రైతులు వచ్చి సంచులకు సంచులే ఎత్తుకుపోతారు. వెంకటక్కకు కావలసింది పెరట్లో నాలుగు మళ్ళకు సరిపడా గంపెడు. అయినా గంగాధర ఆమె కోసం సంచి మూతి విప్పి, గోనెపట్ట మీద పోసి, ఏరుకోమని పక్కకు జరిగేవాడు. వేరే ఎవరైనా ఇలా ఒక్కో గడ్డా ఏరతామంటే ఒప్పుకునే మనిషి కాదు.

దానికి కారణం ఉంది. నాలుగేళ్ళ కిందట ఆమె ఒక సంచిలోంచి మూడు గడ్డలు తీసి, చెట్టుకు అంటుకునే బొడ్డు దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, "ఈ సంచి రైతులకు అమ్మొద్దప్పా, నీకు చెడ్డపేరొస్తాది" అంది. గంగాధర నవ్వి, కత్తి చేతికిచ్చాడు. ఆమె మూడింటినీ అడ్డంగా కోసి చూపించింది. తెల్లటి కండ లోపల గోధుమరంగు ఉంగరం గీసినట్టు కనబడింది. మూడింట్లోనూ అదే. పాడు గడ్డ అది. నాటితే చెట్టు మోకాలెత్తు పెరిగి ఒక్క రోజులో వాడిపోతుంది, పక్క చెట్లనూ తీసుకుపోతుంది. ఆ సంచి వెనక్కి పంపించాక గంగాధర ఆమెను 'అక్కా' అని పిలవడం మొదలుపెట్టాడు.

పోయిన కార్తీకంలోనూ ఆమె అలాగే గోనెపట్ట ముందు కూర్చుంది. కోడిగుడ్డంత గడ్డ కావాలి. మొలక పొట్టిగా, లావుగా, ఊదారంగు తిరిగి ఉండాలి. తెల్లగా దారంలా సాగిందంటే చీకట్లో మగ్గిందన్నమాట, దానికి బలం ఉండదు. తోలు కాస్త ముడత పడినా పరవాలేదు గానీ నొక్కితే వేలు దిగకూడదు.

"ఈసారి చానాసేపు ఏరతాండావే అక్కా. సరుకు బాగలేదా?" అని అడిగాడు గంగాధర.

"బాగుండాదప్పా. అన్నీ బాగున్నప్పుడే ఏరేది కష్టం."

గంప నిండాక దాని మీద తడి లేని గోనె కప్పి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. కుదుపులకు మొలకలు విరగకుండా రెండు చేతులూ గంప చుట్టూ వేసి పట్టుకుంది. ఆ గడ్డలు తనవి కావు. వాటికి దుడ్లిచ్చింది తను పనిచేసే ఇంటామె సరస్వతమ్మ. నేల కూడా సరస్వతమ్మదే. వెంకటక్కది చెయ్యి మాత్రమే. ఏడేళ్ళుగా అలాగే సాగుతోంది, ఆమెకు ఎన్నడూ తేడాగా అనిపించలేదు.

వెంకటక్క పుట్టింది నల్లమాడ పక్క ఒక మెట్ట ఊళ్ళో, మెట్టిందీ అలాంటి ఊళ్ళోనే. మొగుడు ఉలిగప్పకు గొర్రెలు, రెండెకరాల ఎర్రనేల. వాన పడితే వేరుశనగ, పడకపోతే రాళ్ళు. వరసగా వానలు తప్పిన ఏళ్ళలో ఆమె ఆడవాళ్ళ గుంపుతో కలిసి చిక్కబళ్ళాపురం పక్క పల్లెలకు ఉర్లగడ్డ పనికి పోయేది. విత్తనం కోయడం, నాటడం, మన్ను ఎగదోయడం, తవ్వడం. అక్కడ ఒక కన్నడపు ముసలామె వెంకటక్కకు కత్తి పట్టడం నేర్పింది. గడ్డకు తల పక్కన మొలకలొచ్చే కళ్ళు గుంపుగా ఉంటాయి, బొడ్డు పక్క పల్చగా ఉంటాయి. అందుకని తల నుంచి బొడ్డు దాకా పొడుగ్గా కోయాలి. "అడ్డంగా కోస్తే ఒక ముక్కకు కండ్లు, ఒక ముక్కకు ఉత్త కడుపు" అని వెంకటక్క తనకు తానే ఒక మాట కట్టుకుంది. పన్నెండేళ్ళు ఆ పనికి పోయింది. చివరి ఏళ్ళలో రైతులు ఆమె పేరు చెప్పి పిలిపించుకునేవారు.

తర్వాత నేల అమ్ముకుని, పది గొర్రెలతో మొగుడూ పెళ్ళాలు పెనుకొండ అంచున ఒక రేకుల ఇంటికి చేరారు. కూతురు దీపికను ధర్మవరం ఇచ్చారు; అక్కడ చీరలు మడతపెట్టే పని చేస్తుంది. వెంకటక్క బజారులో కిరాణా అంగడి జయరామయ్య ఇంట్లో కసువు ఊడ్చి గిన్నెలు కడిగే పనికి కుదిరింది. ఆయన భార్యే సరస్వతమ్మ.

ఆ ఇంటి వెనక పెద్ద పెరడు, చేదబావి. పెరడంతా కంప. ఒక రోజు గిన్నెలు కడుగుతూ వెంకటక్క, "ఇంత నేల పెట్టుకోని ఉర్లగడ్డ అంగట్లో కొంటాండారే" అంది. సరస్వతమ్మ ఆ మాట పట్టుకుంది. నెల తిరిగేసరికి కంప పోయింది. ఉలిగప్ప గొర్రెల ఎరువు మోసుకొచ్చి వేశాడు. మొదటి ఏడు మూడు గంపల గడ్డలు వచ్చాయి. సరస్వతమ్మ మడి గట్టున పీట వేసుకుని కూర్చుని, మట్టిలోంచి ఒక్కో గడ్డ బయటపడుతుంటే చిన్నపిల్లలా చేయి చాచింది.

అక్కడి నుంచి వాళ్ళిద్దరిదీ పనిమనిషి, ఇంటామె లెక్క కాకుండా పోయింది. సాయంత్రం పెరట్లో ఇద్దరూ కాఫీ తాగేవారు. సరస్వతమ్మకు మోకాలి ఆపరేషను జరిగితే ఆసుపత్రిలో పది రోజులు మంచం పక్కన చాప వేసుకుని పడుకుంది వెంకటక్క. కోడలు కీర్తన అప్పటికి కొత్త. ఆమెకు ఆసుపత్రి వాసన పడదు.

ఆ పది రోజుల్లోనే ఒక సాయంత్రం వెంకటక్క తన సంగతి ఒకటి చెప్పుకుంది. ఎవరికీ చెప్పనిది. చిక్కబళ్ళాపురం పక్క పనికి పోయినప్పుడు ఒక ఏడు దీపికను వెంట తీసుకుపోయింది. పిల్లకు నాలుగేళ్ళు. వారానికోసారి కూలి ఇచ్చేవారు. ఆ వారం ఇవ్వలేదు. విత్తనం కోసేటప్పుడు కన్ను లేని ముక్కలు మిగులుతాయి. వాటిని పశువుల తొట్లో వేస్తారు. వెంకటక్క మూడు రోజులు ఆ ముక్కలను ఒళ్ళో దాచుకుపోయి, ఉడకబెట్టి పిల్లకు పెట్టింది. తొట్లోకి పోయేవే అయినా, ఎవరైనా చూస్తారేమోనని చెంగు బిగించుకుని నడిచిన ఆ దారి తనకు ఇప్పటికీ గుర్తొస్తుందని చెప్పింది. సరస్వతమ్మ కళ్ళు తుడుచుకుంది. మంచం మీంచి చేయి చాపి ఆమె చేయి పట్టుకుంది. "నాతో అన్నావు గదా, ఇంక మర్చిపో" అంది.

వెంకటక్కకు నిజంగానే ఆ రోజు గుండె తేలికైంది.

హిందూపురం నుంచి తెచ్చిన గడ్డలను తన ఇంటి వసారాలో ఒక పక్క నీడకు పరిచింది వెంకటక్క. మర్నాడు కోసి, బూడిద అద్ది, రెండు రోజులు ఆరబెట్టి, ఆ తర్వాత నాటాలి. సాయంత్రం పక్క గదిలో ఉండే రోజా పని నుంచి వచ్చింది. రోజాది తాడిమర్రి పక్క ఊరు. ఎర్రమంచి దగ్గర ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో పని చేస్తుంది. పెద్దమ్మా పెద్దమ్మా అంటూ వెంకటక్క వెంటే తిరుగుతుంది.

"పెద్దమ్మా, నీ చేతులు ఫోన్లో వచ్చినాయి చూడు," అంటూ వచ్చి పక్కన కూర్చుంది.

అంతకు ముందు ఏడు కీర్తన ఫోనుతో పెరట్లో తిరిగిన సంగతి వెంకటక్కకు గుర్తుంది. ఊరికే, జ్ఞాపకానికి అంది అప్పుడు. రోజా ఫోనులో ఇప్పుడు సరస్వతమ్మ పట్టుచీర కట్టుకుని పీట మీద కూర్చుని మాట్లాడుతోంది. కింద 'మా అత్తగారి పెరటితోట' అని రాసి ఉందని రోజా చదివి చెప్పింది. గడ్డ కోసే చోట మాత్రం రెండు చేతులే కనబడుతున్నాయి. ఆకుపచ్చ గాజులు, ఎడమ చూపుడువేలి మీద పాత కత్తిగాటు. ముఖం లేదు.

"ఇవి నీ చేతులే గదా పెద్దమ్మా?"

"నావే."

"గడ్డను తల నుంచి బొడ్డు దాకా పొడుగ్గా కోయాలి," అంటోంది సరస్వతమ్మ. "అడ్డంగా కోస్తే ఒక ముక్కకు కళ్ళు, ఒక ముక్కకు ఉత్త కడుపు. కోసిన ముక్కలకు బూడిద అద్ది రెండు రోజులు నీడలో ఆరబెట్టాలి. పైన తోలు కడుతుంది. అప్పుడు నాటితే కుళ్ళవు. ఇదంతా మా అత్తగారు నాకు నేర్పించారు."

రోజా తల తిప్పి వెంకటక్క వైపు చూసింది. వెంకటక్క చిన్నగా నవ్వింది. పోనీలే, పెద్దామె, నాలుగు మాటలు చెప్పుకుంటే ఏం పోయింది అనుకుంది. మాట తనదైనా పంట ఇద్దరిదీ కదా.

ఫోనులో సరస్వతమ్మ ముందుకు వంగి, గుట్టు చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. "ఒక్క జాగ్రత్త. విత్తనం కోసేటప్పుడు మనం దగ్గరే కూర్చోవాలి. కూలికి వచ్చినవాళ్ళు ముక్కలు ఒళ్ళో వేసుకుని పోతారు. నేనేం ఊరికే అనడం లేదు. ఒకామె తానే నాతో చెప్పింది, అలా తీసుకుపోయేదాన్నని."

వెంకటక్క ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది. అది తీయడం ఆమెకు చేతకాలేదు కాసేపు.

"ఇంకొకసారి చూస్తావా?" అంది రోజా, ఏమీ తెలియక.

"వద్దు. ఆపు."

ఆ మధ్యాహ్నం ఏరి తెచ్చిన గడ్డలు ఎదురుగా వసారాలో వరసగా ఉన్నాయి. ఈ వీడియో దీపిక చూసి ఉంటుందా అన్నదే ఆమెకు మొదట తోచిన ఆలోచన. పిల్లకు ఆ మూడు రోజుల సంగతి గుర్తులేదు. తను చెప్పనూ లేదు. చూసినా తెలుసుకోలేదు, తెలుసుకునే వీలే లేదు. అయినా ఆ భయం తగ్గలేదు.

పొద్దున్నే వెంకటక్క ఆ ఇంటికి పోయింది. చీపురు ముట్టుకోకుండా నేరుగా పెరట్లోకి నడిచింది. సరస్వతమ్మ మడి గట్టున పీట మీద కూర్చుని ఉంది.

"గడ్డలు తెచ్చినావా?" అని అడిగింది.

"తెచ్చినా. కీర్తన తీసిన వీడియో చూసినా."

"చూసినావా? ఎట్ల ఉండాది? వేలమంది చూసినారంట." సరస్వతమ్మ ముఖం వెలిగింది.

"నేను నీ తావ చెప్పుకున్న మాట అందులో చెప్పినావు."

"ఏ మాట?" అంది సరస్వతమ్మ. కానీ అడిగిన తీరులోనే ఏ మాటో ఆమెకు తెలుసని తెలిసిపోయింది.

"ఒళ్ళో వేసుకోని పోతారని."

"అయ్యో, దానికా? నీ పేరు చెప్పలేదు గదే. ఊరు గూడా చెప్పలేదు. అది నువ్వేనని ఎవరికి తెలుస్తాది?"

"కన్ను లేని ముక్కలని ఏల చెప్పలేదు?" అంది వెంకటక్క. "పశువులకేసే ముక్కలవి. పిల్లకు పెట్టినానని ఏల చెప్పలేదు?"

సరస్వతమ్మ ఇంటి వైపు తల తిప్పింది. లోపలి నుంచి కీర్తన వచ్చి గుమ్మంలో నిలబడింది. "మూడు నిమిషాల వీడియోలో అన్నీ చెప్పలేం వెంకటక్కా," అంది. తర్వాత కాస్త మెత్తగా, "నీకు కష్టంగా ఉంటే ఆ ముక్క తీసేస్తాలే," అని అత్తగారి వైపు చూసింది.

"వీడియో కింద అందరూ దాని గురించే రాసినారు గదా," అంది సరస్వతమ్మ కోడలితో. "మా ఇంట్లో గూడా ఇట్లే జరిగిందని, మంచి మాట చెప్పినారని. అది తీస్తే ఇంకేం ఉంటాది?"

వెంకటక్క కదలకుండా నిలబడింది. ఆ నిలబడటం సరస్వతమ్మకు ఇబ్బందిగా తోచినట్టుంది. సర్దిచెప్పాలనే అంది ఆ మాట.

"నువ్వట్ల అనుకుంటే ఎట్లా? ఇన్నేండ్లుగా ఈ ఇంట్లో ఒక చెంచా కనబడకపోయినా నిన్ను అడిగినానా? ఏనాడన్నా అనుమానపడినానా?"

అంటే తను అనుమానపడాల్సిన మనిషే, పోనీలే అని అడక్కుండా ఊరుకున్నారన్నమాట. ఏడేళ్ళ కాఫీలు, ఆసుపత్రి చాప, మంచం మీంచి చాపిన చేయి, అన్నీ ఒక్కసారి ఆ మాట కిందికి పోయాయి. వీడియో కంటే ఆ మాటే ఆమెకు లోతుగా దిగింది. వీడియో ఊరి కోసం చెప్పింది. ఇది తన కోసం, తన ముఖం చూసి, ప్రేమగా చెప్పింది.

"లేదులే తల్లీ. ఏనాడూ అడగలేదు," అంది వెంకటక్క. అని వచ్చేసింది.

ఇంటికి వచ్చి గడ్డలన్నీ గంపలోకి ఎత్తింది. ఎత్తుతూ ఒక్కోదాన్నీ మళ్ళీ నొక్కి చూసింది. రెండు అనుమానంగా ఉంటే కోసింది. ఒకదాంట్లో ఉంగరం కనబడింది. గంగాధర అంగట్లో అంతసేపు ఏరినా ఒకటి కన్నుగప్పింది. ఆ గడ్డను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. దాన్ని కోసిన కత్తితో తక్కినవి కోస్తే చాలు, గంపంతా పోతుంది. ఎవరికీ తెలియదు. కీర్తన వేలమందికి చూపించడానికి నాలుగు మళ్ళ వాడిన చెట్లు మిగులుతాయి.

"ఏమే, ఏం చేస్తాండావు?" అన్నాడు ఉలిగప్ప, గొర్రెలను విప్పుకుంటూ.

ఆమె ఆ గడ్డను పొయ్యిలో వేసింది. కత్తి వేడినీళ్ళలో కడిగింది. గంప ఎత్తుకుని పోయి జయరామయ్య ఇంటి అరుగు మీద పెట్టి, ఎవరినీ పిలవకుండా తిరిగొచ్చింది. మర్నాటి నుంచి ఆ ఇంటి పనికి పోలేదు.

వాళ్ళు తిరుపాల్ అనే కూలి మనిషిని పెట్టుకుని నాటించారు. నాటక ముందే, నాలుగో రోజున తిరుపాల్ గొర్రెల ఎరువు అడగడానికి వచ్చాడు. ఉలిగప్ప పెళ్ళాం ముఖం చూశాడు.

"ఇయ్యి," అంది ఆమె. "గడ్డలేం చేసినాయి?"

ఆ గడ్డలు మొలిచాయి. వెంకటక్క ఆ సందులో పోవడం మానేసినా ఊళ్ళో మాటలు ఆగుతాయా. జానెడు దూరాన వరసగా వచ్చాయట, ఒక్క సందు లేదట, ఆకు ముదురుపచ్చగా ఉందట. తను ఉంటేనే పండుతుందని ఆమె లోలోపల ఎక్కడో నమ్మింది. తను లేకుండా వాళ్ళు తప్పు చేస్తారని, ముక్కలు కుళ్ళుతాయని, అప్పుడైనా సరస్వతమ్మ గుమ్మం దాకా వస్తుందని ఎదురుచూసింది. అలా జరగలేదు. నేర్పడంలో ఆమె ఏమీ దాచుకోలేదు మరి. ఏడేళ్ళుగా పీట మీద కూర్చున్న మనిషికి అన్నీ వచ్చేశాయి.

ఆ గడ్డలు నాటిన రోజుల్లోనే రోజా ఒక సెలవు రోజు హిందూపురం పోయి, వెంకటక్క పేరు చెప్పి గంగాధర దగ్గర నలభై గడ్డలు తెచ్చుకుంది. పాత సిమెంటు సంచుల్లో మన్ను నింపి గది ముందు వరసగా పెట్టింది.

"కోసేది చూపీ పెద్దమ్మా," అని కత్తి తెచ్చింది.

వెంకటక్క చూపించింది. ఎప్పుడూ కోస్తూ మాట్లాడే మనిషి, ఆ రోజు నోరు తెరవలేదు. ఒక మాట చెప్పబోయి, ఆ మాట ఎక్కడికి పోతుందో అనుకుని ఆగిపోయింది. సగం గడ్డలు కోసేసరికి సంచులకు సరిపడా ముక్కలయ్యాయి; రోజా వాటిని గంపలోకి ఎత్తింది.

"ఆ వీడియోలో రెండు దినాలు ఆరబెట్టాల అన్నారే. మనం గూడా పెట్టాల్నా?"

వెంకటక్కకు ఆ మాట పట్టుచీర కట్టిన సరస్వతమ్మ గొంతులో వినబడింది. తన మాట, తన చేతుల మీద ఇంకొకరి గొంతు. ఒళ్ళు మండింది.

"వీడియోలో నూరు చెప్తారు," అంది. "అట్లే మన్నులో పెట్టెయ్యి."

"బూడిద?"

"ఏం వద్దు."

రోజా అలాగే నాటింది. పని నుంచి రాగానే ప్రేమగా చెంబెడు చెంబెడు నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు పోయడం వెంకటక్క రోజూ చూసింది. పోయొద్దని చెప్పలేదు. పదిహేను రోజులైనా మొలక రాలేదు. ఇరవయ్యో రోజున రోజా ఒక సంచిలో వేలు పెట్టి తవ్వింది. ముక్క నీరు నీరుగా చేతికంటుకుంది, చెడు వాసన. రెండో సంచీ అంతే. మూడోదీ అంతే.

రోజా వచ్చి వెంకటక్క గుమ్మంలో కూర్చుంది. "నా చెయ్యి మంచిది కాదేమో పెద్దమ్మా," అంది. "మా అమ్మ గూడా అంటాంటాది, నేను ముట్టుకుంటే ఏదీ బతకదని."

వెంకటక్క చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"మా క్యాంటీన్లో ఒకామె అనింది, ఆరబెట్టకుండా పెడితే కుళ్ళుతాయని," అంది రోజా మళ్ళీ. "నేను ఒప్పుకోలేదు. వీడియోలో ఏదో చెప్తారులే, మా పెద్దమ్మ మాట కంటేనా అన్నా."

బియ్యంలో రాయి ఒకటి వెంకటక్క వేలికి తగిలింది. అది తీసి పారేసింది. ఇంకొకటి కోసం వెదికింది. ఆ చేటను అలా ఎంతసేపైనా చూస్తూ కూర్చోవచ్చు. ఈ పిల్ల లేచి తన గదికి పోతుంది, తన చేయి మంచిది కాదని అనుకుంటూ బతుకుతుంది. ఎవరికీ తెలియదు. అది తనకు బాగా తెలిసిన మాట. మొన్న పెరట్లో సరస్వతమ్మ అన్నది కూడా అదే: ఎవరికి తెలుస్తాది?

"ఆరబెట్టాల," అంది.

"ఏంది?"

"బూడిద అద్ది రెండు దినాలు ఆరబెట్టాల. మొలక కనబడిందాకా నీళ్ళు పోయకూడదు. నాకు తెలుసు. తెలిసీ నీకు చెప్పలేదు."

రోజాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె ముఖం వెంకటక్క చూడలేకపోయింది. ఆ ముఖంలో ఏం కదులుతుందో ఆమెకు చూడకుండానే తెలుసు.

"నేనేం చేసినా పెద్దమ్మా నిన్ను?"

"నువ్వేం చెయ్యలేదు."

అప్పుడు వెంకటక్క మొత్తం చెప్పింది. వీడియోలో చెప్పిన ఆ ఒకామె ఎవరో, ఆ ముక్కలు ఎక్కడివో, ఎవరికి పెట్టిందో అంతా. సరస్వతమ్మకు చెప్పుకున్న నాడు కన్నీళ్ళు వచ్చాయి, ఈసారి రాలేదు. రోజా విన్నది. ఓదార్పు మాట ఏదీ అనలేదు. విన్నాక లేచి, "ఆ మాట ఆ పొద్దే చెప్పింటే నేను నీ పక్కనే ఉందును గదా," అని గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

పది రోజులు మాట లేదు. ఉలిగప్పతో మాట్లాడేది, వెంకటక్క ఎదురైతే తల వంచుకుని పోయేది. పదకొండో రోజున గోనెలో చుట్టి పెట్టిన తక్కిన ఇరవై గడ్డలు తెచ్చి వసారాలో పెట్టింది. మొలకలు కాస్త సాగాయి గానీ ఇంకా పనికొస్తాయి. అదను దాటిపోయింది, పుష్యం వస్తోంది. అయినా ఇద్దరూ కూర్చుని కోశారు, బూడిద అద్దారు, నీడలో పరిచారు. ఈసారి వెంకటక్క ప్రతిదీ చెప్పింది. కోసిన పక్క కిందికి, కన్ను పైకి. బెత్తెడు లోతు. చెట్టు జానెడు లేచాక మన్ను ఎగదోయాలి, గడ్డకు ఎండ తగిలితే పచ్చబడి చేదెక్కుతుంది.

మాఘం చివర తిరుపాల్ ఒక గోతాముతో వచ్చాడు. సరస్వతమ్మ పెరటి గడ్డలు. బాగా ఊరాయి, పిడికిలంత ఉన్నాయి ఒక్కోటి.

"అమ్మ ఇచ్చి రమ్మనింది," అన్నాడు. "వచ్చే ఏడు విత్తనం ఏరేదానికి మాత్రం నువ్వే పోవాలంట. కీర్తనమ్మ పోతే అంగడాయన సంచి విప్పడంట."

వెంకటక్క గోతాములో చేయి పెట్టి ఒక గడ్డ తీసి చూసింది. తోలు నున్నగా ఉంది. మచ్చ లేదు. తన చేతుల్లోంచి పోయిన విత్తనం. దాన్ని మళ్ళీ గోతాములోనే వేసింది.

"నీకెంతమంది పిల్లోల్లు?"

"ముగ్గురు."

"నువ్వే తీసుకుపో. ఒళ్ళో దాచుకోని కాదు, భుజం మీద వేసుకోని, బజారు మీదనే పో."

తిరుపాల్ కాసేపు సందేహించి, గోతాము ఎత్తుకున్నాడు. వచ్చే ఏటి సంగతి ఏం చెప్పమంటావని అడిగాడు. పోనని చెప్పమంది. సరస్వతమ్మ ఆ తర్వాత ఒకసారి బజారులో ఎదురుపడి, "ఇంకా కోపమేనా వెంకటక్కా?" అని అడిగింది. కోపమైతే ఎప్పుడో తీరిపోయేదేమో. వెంకటక్క నమస్కారం పెట్టి ముందుకు నడిచింది. వీడియో అలాగే ఉంది.

అదను దాటి నాటిన రోజా సంచుల్లోని చెట్లకు గడ్డ ఊరకముందే ఎండలు తగిలాయి. ఆకులు శివరాత్రికే పసుపెక్కాయి. ఫాల్గుణంలో తవ్వితే గడ్డలు నిమ్మకాయంతే ఉన్నాయి, అంతా కలిపితే రెండు చేటలు. రోజా మోకాళ్ళ మీద కూర్చుని, మన్ను దులిపి ఒక్కోటీ తీసింది. ఆ పిల్ల మళ్ళీ పెద్దమ్మా అని పిలుస్తోంది, కూర గిన్నె పంపుతోంది, ధర్మవరం పోయినప్పుడు దీపికను చూసి వచ్చింది కూడా. అన్నీ మునుపటిలాగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. వెంకటక్క ఏది చెప్పినా ఆమె ఇప్పుడు రెండోసారి అడుగుతుంది. అడుగుతున్నానని కూడా తెలియకుండా అడుగుతుంది.

"ఇప్పుడేం చెయ్యాల పెద్దమ్మా?"

"ఎండకు పెట్టొద్దు. లోపల నీడకు పరిచి మన్ను ఆరనీ. కడగొద్దు."

"అంతేనా? ఇంకేమన్నా ఉండాదా?"

"అంతే."

రోజా ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత చేట ఎత్తుకుని లోపలికి పోయింది.